ఏం కాదు సారు

సారు పోయాడని పొద్దున చాయ్ తాగుతుంటే మా ఎక్స్‌రే టెక్నీషియన్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. దాని కింద దండాలు, పూలు, దీపాలు. 'రేడియేషన్ అంటే భయం పోగొట్టిన మహనీయుడు' అని ఒకడు పెట్టాడు. 'ఓరుగల్లుకు తీరని లోటు' అని ఇంకొకడు. సాయంత్రానికి హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా లేచింది. అందులో ఆయన కళ్లు ఉన్నవాటికంటే పెద్దవిగా, లోకమంతటి మీదా జాలితో తడిసినట్టు ఉన్నాయి. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు పెద్దలు. నేను దండం పెట్టలేదు. చాయ్ తాగి, గ్లాసు కడిగి, డ్యూటీకి పోయాను. అందరూ పూలు పెడుతున్నప్పుడు ఎవరో ఒకరు ఉన్నమాట రాయాలి కదా. 'ఆయన' అని రాస్తున్నది కూడా మర్యాదకు కాదు, అచ్చులో 'వాడు' బాగుండదని.

మేం ఆయనకు పెట్టుకున్న పేరు 'ఏం కాదు సారు'. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాక వరంగల్‌లోని నాలుగైదు ప్రైవేటు దవాఖానలకు రేడియేషన్ భద్రత చూసేవాడు. ఎక్స్‌రే కిరణాలు గది దాటి బయటకు వస్తున్నాయా, పనిచేసేవాళ్ల మీద ఎంత పడుతోంది, అది పరిమితి లోపలే ఉందా అని చూసి చెప్పడం ఆయన ఉద్యోగం. చూడడం ఎంత చూసేవాడో గానీ, చెప్పడం మాత్రం బాగా చెప్పేవాడు.

"సార్, గీ తలుపు సరిగ్గ పడ్తలేదు..."

"ఏం కాదు."

"సార్, గోడకు చిన్న పగులు..."

"ఏం కాదమ్మా."

ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేది. 'ప్రమాదం' అనే మాట ఆయన ముందు ఎవరైనా అంటే బడిపిల్లలను దిద్దినట్టు దిద్దేవాడు. "ప్రమాదం అనొద్దు, అవకాశం అనాలె" అనేవాడు. ఆయన నోట్లో పడి క్యాన్సర్ కూడా ఒక అవకాశం అయిపోయింది.

మీగడ రంగు సఫారీ, చంకలో తోలు సంచి. ఎక్కడ ఉపన్యాసమిచ్చినా ముందు ఆ సంచిలోంచి ఒక అరటిపండు తీసేవాడు. తాపీగా ఒలిచి, జనం చూస్తుండగా తిని, "ఇప్పుడు నేనేం తిన్న?" అని అడిగేవాడు. జనం "అరటిపండు" అనగానే "కాదు, రేడియేషన్ తిన్న" అనేవాడు. అరటిపండులో, మట్టిలో, మన ఒంట్లో కూడా అది కొంచెం ఉంటుందని, ఉన్నదల్లా చంపదని చెప్పేవాడు. అది అబద్ధం కాదు. చప్పట్లు పడేవి. ఆ చప్పట్ల మధ్యనే తొక్కను పక్కకు చూడకుండా చాపేవాడు. దగ్గరలో ఉన్న ఆయా ఎవరో అందుకొని పారేసేది. ఎవరు అందుకున్నారో ఆయన ఒక్కసారైనా చూడగా నేను చూడలేదు.

ఇంకొక అలవాటు ఉంది. దవాఖాన తనిఖీకి వచ్చినప్పుడు మిషన్ ఆన్ చేసే సమయానికి ఆయనకు సరిగ్గా ఫోన్ వచ్చేది. "ఒక్క నిమిషం" అని చెవికి పెట్టుకొని గది బయటకు నడిచేవాడు. మిషన్ ఆగాక ఫోన్ కూడా ఆగేది. ఆ ఫోన్ మోగడం నేను ఎన్నడూ వినలేదు.

చెడ్డవాడు అన్నింటా చెడ్డవాడైతే పగ పట్టడం తేలిక. ఈయన అలా కూడా కాదు. కాజీపేట దిక్కు ఒక దవాఖానలో క్యాన్సర్‌కు కరెంటు పెట్టే మిషన్, అంటే గడ్డను రేడియేషన్‌తో కాల్చేది, తెస్తున్నారని తెలిసి, పక్క కాలనీవాళ్లు రోడ్డు మీద టెంటు వేసి కూర్చున్నారు. అణుబాంబు తెచ్చి ఇళ్ల మధ్య పెడుతున్నారని వాళ్ల భయం. పోలీసులొచ్చారు, డాక్టర్లొచ్చారు, ఎవరి మాటా వినలేదు. సారు వచ్చి టెంటులో వాళ్లతోపాటు చాప మీద కూర్చున్నాడు. కాలనీ పెద్ద ఒకాయన, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ముసలాయన, నిలదీశాడు.

"సాబ్, మీరు సదువుకున్నోళ్లు. మా పోరగాండ్ల మీద అది పడదని మీ బిడ్డ మీద ఒట్టేస్తరా?"

"ఒట్టెందుకు చాచా? నాతోని రా, జర చూపిస్త."

ఆ ముసలాయన చెయ్యి పట్టుకొని దవాఖానకు తీసుకుపోయి, గోడ ఎంత మందమో తట్టి చూపించాడు. కొలిచే మీటరు ఆయన చేతిలోనే పెట్టి గోడ పొడుగునా నడిపించాడు. మర్నాడు టెంటు తీసేశారు. ఆ రోజు నేను కూడా చప్పట్లు కొట్టాను. సారు ఆ కాలనీకి చెప్పింది నిజం. అందుకే మాకు చెప్పింది కూడా నిజమే అనుకున్నాం.

ఇక మా అక్క సంగతికి వస్తాను. మాది రఘునాథపల్లి. మా అక్క కొమురమ్మ నాకంటే చాలా పెద్దది, నన్ను చదివించింది ఆమే. హన్మకొండలో ఒక ఎముకల దవాఖానలో ఆపరేషన్ థియేటర్ ఆయాగా చేసేది. అందరికీ కొమురక్క. విరిగిన కాలు చెయ్యి సరిచేసేటప్పుడు ఎముక ఎట్లా కూర్చుంటోందో డాక్టర్లు టీవీలో చూస్తూ చేస్తారు. ఆ బొమ్మ వచ్చేది ఎక్స్‌రే మిషన్ నుంచి. డాక్టరు కాలితో పెడల్ నొక్కినప్పుడల్లా కిరణాలు వస్తాయి. అంతసేపూ కాలునో చేతినో కదలకుండా ఎవరో పట్టుకోవాలి. మా అక్క పట్టుకునేది. ఆమె పట్టు అలాంటిది. "కొమురమ్మను పిలువు" అని డాక్టర్లే అడిగేవాళ్లు. మిషన్ మీదికి వంగి, పట్టి, పేషెంటుతో "అయిపాయె బిడ్డా, అయిపాయె" అంటుండేది.

సారు మొదటిసారి ఆ దవాఖానలో ఆయాలకు, వార్డు బాయ్‌లకు క్లాసు పెట్టినప్పుడు చొక్కాకు పెట్టుకునే చిన్న బిల్లలు పంచాడు. ఆ బిల్ల పని ఒక్కటే. దాన్ని పెట్టుకున్న మనిషి మీద ఎంత రేడియేషన్ పడిందో అది లెక్క పెడుతుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే చూసి చెబుతారు. అది దేన్నీ ఆపదు. కానీ చదువురాని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడంలో సారుకు సారే సాటి కదా.

"గిది మీకు కాపలాదారు," అన్నాడట బిల్ల ఎత్తి చూపించి. "గిది మీ మీద ఉన్నంతసేపు మీకు ఫికర్ లేదు."

మా వాళ్లకు అది కొత్త మాట కాదు. పసిపిల్లకు జడుపు జ్వరం వస్తే తాయెత్తు కడతారు. బండి కొంటే నిమ్మకాయలు కడతారు. మా అక్కకు బిల్ల ఇట్టే అర్థమైంది, అర్థమైందంతా తప్పు. డ్యూటీ అయ్యాక దాన్ని ఇంటికి తెచ్చి మల్లన్న పటం పక్క మేకుకు తగిలించేది. శుక్రవారం కుంకుమ బొట్టు పెట్టేది. కిరణాలను ఆపే సీసం జాకెట్ బరువుగా, ఉక్కగా ఉంటుందని తీసి పక్కన పడేసింది. పెడల్ నొక్కేటప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగే అలవాటు కూడా మానేసింది. నేను అప్పుడు ఎక్స్‌రే కోర్సులో చేరాను. మా పుస్తకంలో ఉన్నదాన్ని చెప్పబోతే కోప్పడింది.

"సారు కంటె నీకెక్కువ ఎరుకనా? కాపలా ఉండంగ నేనెందుకు ఉరుకాలె?"

తర్వాత తనిఖీలో సారు ఆ బొట్టును చూశాడు.

"ఏందమ్మా గిది?"

"కుంకుమ సార్. శుక్కురారం గద."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడట. జాకెట్ లేకుండా నిలబడ్డ మనిషిని చూశాడు. బిల్లను ఆమె ఏమనుకుంటోందో ఆ ఫిజిక్సు బుర్రకు తెలియకపోదు. 'అమ్మా, ఇది ఆపదు, లెక్కే పెడుతుంది, నువ్వు జాకెట్ వేసుకో, కళ్లకు సీసం అద్దాలు పెట్టుకో, వెనక్కి జరుగు' అనడానికి ఎంతసేపు పడుతుంది? "మంచిగ పెట్టినవ్" అని భుజం తట్టి వెళ్లిపోయాడు. అక్క ఆ రోజు ఇంటికొచ్చి ఎంత సంబరపడిందో చెప్పలేను. సారు మెచ్చుకున్నాడని వాడంతా చెప్పుకుంది.

తర్వాత ఏడాదో రెండేళ్లో, ఒక ఫంక్షన్ హాల్లో డాక్టర్ల సభకు మమ్మల్ని కూడా పిలిచారు. సారు అరటిపండు తిన్నాడు, తొక్క చాపాడు, చప్పట్లు అయ్యాయి. తర్వాత, "మా దవాఖానల ఒకామె ఉన్నది. బిల్లకు బొట్టు పెట్టింది. రేపు టెంకాయ గూడ కొడ్తది" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా ముందు వరుసలో ఒక డాక్టరు కుర్చీలో ఊగిపోతూ నవ్వాడు. మా అక్క తప్పును ఆయన దిద్దలేదు, దాచుకున్నాడు. కరీంనగర్‌లో, ఖమ్మంలో, హైదరాబాదులో అదే చెప్పి నవ్వించాడని తర్వాత తెలిసింది.

అక్కకు ముందు వెలుతురు పడకుండా అయింది. నీడలో నయం, ఎండలోకి వస్తే అంతా తెల్లటి మంచు. బియ్యంలో రాళ్లు ఏరలేకపోయింది. కళ్ల డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసి, "ఎక్స్‌రే దగ్గర పని చేస్తవా అమ్మా?" అని తనంతట తానే అడిగింది. మామూలు ముసలితనపు పొర ఈ వయసుకు, ఈ తీరుగా రాదని చెప్పింది. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. ఒకటి కొంత తేరుకుంది. రెండోది తేరుకోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త రూల్ వచ్చింది. కంటి మీద పడే రేడియేషన్‌కు ఇదివరకు పెట్టిన పరిమితి చాలా ఎక్కువని, అంతకంటే తక్కువకే కంటిపొర వస్తోందని నిపుణులు తేల్చి, దాన్ని బాగా తగ్గించారు. కొత్త ప్రమాణాల మీద మాకు క్లాసు తీసుకోవడానికి వచ్చింది ఎవరు? ఈ సారే. సవరించేటప్పుడు తన అభిప్రాయం కూడా అడిగారని గొప్పగా చెప్పుకున్నాడు. నేను అప్పటికి అక్క పనిచేసిన దవాఖానలోనే టెక్నీషియన్‌ను. లేచి నిలబడ్డాను.

"సార్, అంటే ముందు మాకు చెప్పిన పరిమితి తప్పా?"

"తప్పు కాదమ్మా. అప్పటి తెలివి గంతే. సైన్సు ఎదుగుతది."

"మా అక్క కండ్లు?"

హాలులో ఎవరో దగ్గారు. సారు నవ్వు చెదరకుండా, "షుగర్‌కు వస్తది, ఎండకు వస్తది, శానా కారణాలుంటయి. ఏం కాదు, కూసో" అన్నాడు. మా అక్కకు షుగర్ లేదు. ఆమె బతుకంతా గడిచింది కిటికీ లేని గదిలో. ఏ ఎండ గురించి మాట్లాడాడో మరి.

దవాఖానవాళ్లు అక్కను తీసేస్తామన్నారు. సరిగ్గా కనబడని ఆయా థియేటర్‌కు ఎందుకని. అక్క నన్ను వెంటబెట్టుకొని నయీంనగర్‌లో సారు ఇంటికి పోయింది. నాకు పోవాలని లేదు. ఆమె పట్టుబట్టింది. ఆమెకు ఇంకా ఆయన మీద నమ్మకం ఉంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అదే.

"సార్, నా కండ్లు గీ పని వల్లనే పాడైనయని మా పెద్ద డాక్టర్‌కు ఒక్క మాట చెప్పుండ్రి. బట్టల రూముల ఏస్కుంటరు. మీరు చెప్తె ఇంటరు."

సారు మర్యాదగానే కూర్చోబెట్టాడు. నీళ్లిప్పించాడు. "చూడు కొమురమ్మా, నీ బిల్ల లెక్క ఎన్నడు పరిమితి దాటలె. పరిమితి లోపల ఉన్న మనిషికి అయిందని నేనంటె, రేపు ఊరంత భయపడ్తది. ఎక్స్‌రే అంటెనే జనం ఉరుకుతరు. ఎవరు జవాబుదారి?"

"బిల్ల ఛాతి మీదుంటది సార్, మిషన్ మీదికి వంగేది మొఖం," అన్నాను నేను. "కంటి మీద ఎంత పడ్డదో బిల్లకేం ఎరుక?"

"నువ్వు సదువుకున్నదానివి. గిట్ల మాట్లాడితె జనం ఆగమైతరు."

అక్క మెల్లగా అంది, "నేను ఊరికి చెప్పుమంటలేను సార్. పెద్ద డాక్టర్ ఒక్కనికే చెప్పుమంటాన."

"చూద్దాం లే. ఏం కాదు."

ఆయన చెప్పలేదు. ఆ నెలాఖరుకు అక్కను తీసేశారు. ఊరు భయపడకూడదని ఒక మనిషిని లేనట్టు చేశాడు. అంతటి చాకచక్యం కాలనీ టెంటులో చూపిస్తే చప్పట్లు కొట్టిన చేతులు నావి. ఆ చేతులతోనే ఆ రాత్రి ఆయనను తిట్టుకుంటూ అక్కకు అన్నం కలిపి పెట్టాను.

దేవుడు ఉన్నాడో లేడో గానీ, పోయిన ఎండాకాలం సారు తనంతట తానే నా దగ్గరికి వచ్చాడు. మనవరాలు జారుడుబండ మీద నుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. కొడుకు ఊళ్లో లేడు. కోడలు కడుపుతో ఉంది, ఎక్స్‌రే గదిలోకి రాకూడదు. పిల్ల కేకలు పెడుతూ చెయ్యి కదుపుతోంది. ఎవరో పట్టుకుంటే తప్ప ఫిల్మ్ రాదు.

"ఆయమ్మ ఎవ్వలు లేరా?" అన్నాడు సారు అటూ ఇటూ చూస్తూ.

"ఆయాలు పట్టుకోవద్దు సార్. పేషెంట్ తరఫోళ్లే పట్టుకోవాలె. క్లాసుల మీరే చెప్పిండ్రు."

నేను ఎంత మెల్లగా, ఎంత తియ్యగా అన్నానో! సారు జాకెట్ అడిగాడు, ఇచ్చాను. మెడ పట్టీ అడిగాడు, ఇచ్చాను. కళ్లకు అద్దాలు ఉన్నాయా అన్నాడు. నావి తీసి ఇచ్చాను. ఆయన వాటిని పెట్టుకోవడం నేను కళ్లారా చూడాలి. "తలుపు మంచిగ పడ్డదా?" అని కూడా అడిగాడు. పిల్ల చెయ్యి పట్టుకొని తల వంచుకున్నాడు.

"ఫోన్ ఏం రాలేదా సార్?" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆ ఫోన్ల సంగతి నాకు తెలుసని ఆయనకు తెలిసిపోయింది. నేను సీసం అద్దం తెర వెనక్కి వెళ్లి బటన్ నొక్కాను. ఫిల్మ్ మొదటిసారికే బాగా వచ్చింది. బాగా రాలేదని చెప్పి ఇంకోసారి తియ్యాలని నా వేలు గుంజింది. పిల్ల ఉందని ఆగాను. పిల్ల లేకపోతే ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

బయటకొచ్చాక కూడా జాకెట్ విప్పకుండా నిలబడి అడిగాడు, "ఎంత పడి ఉంటదంటవ్?"

"ఏం కాదు సార్."

నేను అన్నది నిజమే. ఒక్క ఎక్స్‌రేకు, అన్నీ తొడుక్కున్న మనిషికి, ఏమీ కాదు. కానీ ఆ మాటను నమ్మలేని ముఖం ఎట్లా ఉంటుందో ఆ రోజు తీరిగ్గా చూశాను. నా కడుపు చల్లబడింది. ఇంటికి పోయి రెండుసార్లు కూర వేసుకొని తిన్నాను. పోయేముందు ఆయన, "కొమురమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు.

"మీరే వచ్చి చూడుండ్రి. కుమార్‌పల్లిలనే ఉంటాన్నం."

"వస్త," అన్నాడు. అక్కకు చెప్పాను. అప్పటినుంచి ఆమె ప్రతి ఆదివారం వాకిలి కడిగి కుర్చీ వేయించేది. ఆయన ఎదురొచ్చి 'నా మాట నమ్మే నీకిట్లయింది' అంటే చాలు ఆమెకు. ఆయన రాలేదు. ఆఖరికి ఆ మెసేజ్ వచ్చింది.

సంతాప సభ పెట్టి, దవాఖానల తరఫున నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. సరేనన్నాను. ఏం మాట్లాడాలో నాకు బాగా తెలుసు. ఇంట్లో చెబితే అక్క చీర మార్చుకొని వచ్చి నిలబడింది. "నువ్వెందుకు? నేను మాట్లాడ్త" అంది. ఆమె గొంతులో కోపం వినడం నాకు అదే మొదలు.

హాలు నిండింది. పటం, దండ, అగరొత్తులు. అధ్యక్షత వహించిన పెద్ద డాక్టరు గద్గదంగా, "ఇన్నేండ్లల్ల సారు చూసిన దవాఖానలల్ల ఒక్క మనిషికి గూడ ఏం కాలె. గదీ ఆయన సేవ" అన్నాడు. చప్పట్లు మోగాయి. నా పేరు పిలిచారు. నేను అక్క చెయ్యి పట్టి వేదిక ఎక్కించి, మైకు ఆమె నోటి దగ్గర పెట్టాను. పెద్ద డాక్టరు ఆమెను గుర్తుపట్టాడు. ముఖం మాడిపోయింది.

"నాకైంది," అంది అక్క.

మైకును నా చేతిలోంచి తీసుకుంది.

"నేను కొమురమ్మను. గీ డాక్టర్ సాబ్ దగ్గరనే కాళ్లు చేతులు పట్టిన. సారు చెప్పింది నమ్మిన. నా కన్ను పోయింది. పోయిందని సారుకెరుక, గీ డాక్టర్ సాబ్‌కెరుక. ఒక్కలు గూడ అనలె."

"అమ్మా, ఇది సంతాప సభ..." అంటూ ఒకాయన మైకు లాక్కోబోయాడు.

"ఎరుకనే. నా కన్ను పోయిన్నాడు సభ ఎవ్వలు పెట్టలె. గందుకే గిక్కడికచ్చిన."

మైకు ఆపేశారు. ఆపరేషన్ బల్ల మీద అరిచేవాళ్లకు వినబడేలా మాట్లాడిన గొంతు అది, మైకు దానికి ఒక లెక్క కాదు. వెనక వరుసల్లో కూర్చున్న కొత్త ఆయాల వైపు తిరిగి, "పిల్లలూ, గా బిల్ల ఏం ఆపదు. జాకెట్ ఏస్కోండ్రి, కండ్లకు అద్దాలు అడుగుండ్రి. ఇయ్యకుంటె పట్టకుండ్రి" అంది. ముందు వరుసలో సారు భార్య తలవంచుకొని లేచి వెళ్లిపోయింది. నాకు జాలి కలగలేదు. కలగాలేమోనని కాసేపు చూశాను, కలగలేదు.

అక్కను చెయ్యి పట్టి వేదిక మెట్లు దింపాను.

"ఎవ్వలు సప్పట్లు కొట్టలె అక్కా," అన్నాను.

"ఆయినకు కొట్టినయ్ సాలవా?" అంది అక్క. "నడువు."